గరిక నిద్ర లేచేదాక

మా పీఈటీ సారు చనిపోయిండు. శివరాత్రి పోయి వారం తిరగలేదు. పొద్దున చాయ తాగి, గిలాస కింద పెట్టి, కుర్చీల వెనక్కు ఒరిగిండట. దవాఖానకు తీసుకపోయేలోపే అయిపోయింది. ఆ టైముకు నేను జగిత్యాల బస్టాండు ఎదురుంగ జిరాక్సు షాపుల ఉన్న. చెరువుల కబ్జాల మీద మేం రాసిన కరపత్రానికి కాపీలు తీయిస్తున్న. కోరుట్ల నుంచి మా పెద్ద మేడం ఫోన్ చేసింది. పెద్ద మేడం అంటే మేం చదువుకున్న బడికి హెడ్మాస్టరు. "బిడ్డా, సారు లేడే" అన్నది. మిషన్ తిరుగుతనే ఉన్నది. "ఇంక తియ్యాల్నా అక్కా" అని షాపాయన అడిగితే ఏం చెప్పిన్నో నాకు యాదికి లేదు.

కోరుట్ల బస్సుల కూసున్నంక నాకు ముందుగ యాదికచ్చింది సారు మొఖం కాదు. బడి గ్రౌండు. ఉగాది ఇంకా రాలేదు, గడ్డి ఇంకా లేవలేదు, మనిషి పోయిండు. అది తలుసుకుంటే దుఃఖం కంటె ముందు కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తెల్వదు. నాకు కోపం జల్ది వస్తదని ఎరిగినోళ్లందరికి తెలుసు. సారు దానికి ఒక పేరు గుడ పెట్టిండు. నేను గేటు తీసుకొని లోపలికి వస్తుంటే దూరంకెళ్లే మొఖం చూసి "అగో, మే నెల వచ్చింది, నీళ్లు పెట్టుండ్రి" అనేటోడు.

ఆ గ్రౌండు సంగతి చెప్పకుంటె సారు సంగతి చెప్పినట్టు కాదు.

మా బడి గ్రౌండు మొరం, ఎర్ర కంకర మట్టి. నేను అదే గ్రౌండుల ఖోఖో ఆడిన. ఖోఖోల పోల్ కాడ చెయ్యి చాపి డైవు కొట్టాలె. మొరం మీద డైవు కొడితే మోకాళ్ల మీద తోలు ఉండది. సారు జేబుల విజిలు ఎట్లుంటదో, సంచిల పసుపు, కొబ్బరినూనె గట్లనే ఉండేటివి. దెబ్బకు నూనె రాసుకుంట "ఈ మొరం మన ఆడపిల్లల మోకాళ్లు తిని బతుకుతున్నది" అనేటోడు. మంచిగ ఆడే పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి డైవు కొట్టుడు బంద్ చేసేటోళ్లు. ఇంట్ల అమ్మలు వద్దంటరు. మచ్చలు పడితే రేపు ఎవరు చేసుకుంటరని అంటరు. నేను ఆ మాటకు ఇంట్ల గిన్నెలు ఎత్తేసిన. సారు మాత్రం ఎవరి అమ్మతోని కొట్లాడలేదు. ఆయన రిటైరైన రోజు బడి కమిటీవాళ్లు శాలువ కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టిండు. "శాలువ ఇంట్ల ఉన్నది. నాకు గ్రౌండు ఇయ్యుండ్రి. గడ్డి పెంచుత" అన్నడు. అందరు నవ్విండ్రు, చప్పట్లు కొట్టిండ్రు. ఇచ్చినట్టే అనుకోమన్నరు.

మొదటిసారి పెంచిన గడ్డి సచ్చింది. తప్పు సారుదే, ఆయన అందరి ముందట ఒప్పుకున్నడు. ఆయనది బోయినపల్లి దిక్కు వ్యవసాయం ఇల్లు. మన దిక్కు రైతులు ఎండాకాలం చెరువు మట్టి ట్రాక్టర్లల్ల తోలి పొలాలకు చల్లుతరు, పంట బాగ వస్తది. సారు గుడ అదే పని చేసిండు. గ్రౌండు నిండ చెరువు మట్టి పరిపించి దాని మీద గరిక నాటిండు. వానకు అది బురద అయ్యింది. చలికాలం అంత తడి తడిగ, చల్లగ పడి ఉన్నది. తడి మట్టి జల్ది వేడెక్కది. వేర్లు అండ్లనే మురిగినయి. ఎండాకాలం వచ్చేసరికి అరచెయ్యి దూరేటంత పగుళ్లు. కమిటీ మీటింగుల సారు లేచి "చెరువు మట్టి పొలానికి బంగారం, ఆట గ్రౌండుకు జ్వరం. నాకు తెల్వక చేసిన. ఈసారి వాగు ఇసుక కలుపుత" అన్నడు. ఆ మీటింగుల తప్పు ఒప్పుకున్న మనిషి ఆయన ఒక్కడే. మిగతా అందరు ఆయనకు సలహాలిచ్చినోళ్లే.

అప్పుడే టర్ఫ్ అన్న వచ్చిండు. ఆయన గుడ సారు దగ్గర చదువుకున్నోడే. జగిత్యాలల నెట్లు కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, గంటకు కిరాయికి బాక్స్ క్రికెట్ ఆడిపిస్తడు. చనిపోయిన వాళ్ల అమ్మ పేరు మీద మా బడికి ఉత్తగనే ప్లాస్టిక్ టర్ఫ్ పరిపిస్త అన్నడు. మంచి మనిషే. కాని ఆ ముచ్చట విన్నప్పుడు నేను ఆయనను మంచి మనిషి అనలేదు, నేనేమన్ననో ఇక్కడ రాయను. సారు నన్ను కూసోబెట్టి, "తిట్టుడు సులువు. ఆయన గడ్డి చూద్దాం పా" అని నన్ను తోలుకొని జగిత్యాల పోయిండు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. సారు సంచిలకెళ్లి థర్మామీటరు తీసిండు. జ్వరం చూసేది కాదు, మట్టిల గుచ్చేది, ఇనుప ములికి ఉంటది. దాన్ని ప్లాస్టిక్ గడ్డి మీద పెట్టిండు. సూది లేచుడు నేను చూసిన. తర్వాత బయట తొవ్వ పక్కన ఎవ్వరు నీళ్లు పెట్టకున్నా బతికిన గరిక ఉంటె దాని మీద పెట్టిండు. ఫరక్ ఎంతనో రాయను గాని, ప్లాస్టిక్ మీద నేను అరచెయ్యి ఆనిచ్చి ఉంచలేకపోయిన. గరిక మీద ఉంచిన.

"గడ్డికి చెమట పడుతది బిడ్డా, ప్లాస్టిక్కుకు పట్టది. చెమట పట్టెటిదే చల్లగుంటది" అన్నడు సారు.

టర్ఫ్ అన్న చాయ తెప్పిచ్చిండు. "మధ్యాహ్నం ఎవడు ఆడుతడు సార్? అందరు పొద్దుమీకి లైట్ల కిందనే అస్తరు" అన్నడు.

"నీ పోరగాండ్లు పొద్దుమీకి అస్తరు. నా పిల్లలకు గవర్నమెంటోడు ఆటల పీరియడు మధ్యాహ్నం రెండు గంటలకు ఇచ్చిండు. లైట్లు పెట్టి బడి నడుపుతవారా?"

టర్ఫ్ అన్న నవ్విండు గాని ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ అయితే పన్నెండు నెలలు పచ్చగుంటది, నీళ్లు అక్కర లేదు, మీ గడ్డి ఒకసారి సచ్చింది, మళ్ల సావదని గ్యారంటీ ఏంది అన్నడు. అది న్యాయమైన మాటనే. చివరికి కమిటీ ముందట సారే గడువు పెట్టుకున్నడు. ఈ వానకు మళ్ల నాటుత. వచ్చే ఉగాదికి గ్రౌండు పచ్చగుంటె గడ్డి ఉంటది, లేకుంటె ఎండాకాలం సెలవులల్ల ప్లాస్టిక్ పరుసుకోండ్రి. బయటికి వచ్చినంక నేను ఎగిరిన. "ఉగాది ఎందుకన్నరు సార్? మళ్ల వానకాలం దాక అడిగితే సచ్చిపోతుండ్రా?" సారు చెప్పుల మట్టి దులుపుకుంట "ఉగాదికి భూమి లేస్తది. లేవకుంటె నేను చెప్పినయన్ని అబద్ధాలన్నట్టు. గప్పుడు ఆయన ప్లాస్టిక్కే మేలు" అన్నడు.

విత్తనం ఎక్కడిది? గరిక కోసం సారు, నేను ఆటో ట్రాలీ మాట్లాడుకొని సారంగాపూర్ దిక్కు, బోయినపల్లి దిక్కు తిరిగినం. రైతుకు గరికను మించిన శత్రువు లేదు. గుద్దలిపెట్టి తవ్వి గట్ల మీద పారేస్తడు, అది గట్టు మీద మళ్ల పుడుతది. ఒక పెద్దమనిషి మమ్ముల చూసి పార ఆపి, "ఓ సారూ, మా తాత కాలంకెళ్లి దీన్ని సంపుతందుకు సస్తున్నం, నువ్వు పెంచుతందుకు తీసుకపోతున్నవా? మతి గిట్ల పోయిందా?" అన్నడు.

సారు తొణకలేదు. "నువ్వు సంపలేకపోయినవనే కాకా నీ తానికి వచ్చిన. నువ్వు సంపగలిగితె నాకెందుకు?"

ఆ ముసలాయన నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డడు. తర్వాత ఆయన కోడళ్లను పిలిచి ట్రాలీ నింపిచ్చిండు. "మళ్ల మాత్రం తిరిగి తేకుండ్రి" అని గుడ చెప్పిండు.

కాడలను జానెడు జానెడు కోసి సాళ్లల్ల పరిచి ఇసుక కలిపిన మట్టి కప్పినం. కమిటీ పర్మిషన్ ఇచ్చేసరికి ఆలస్యమైంది. గణపతులు కూసునే టైముకు నాటినం. నేల అప్పుడు వెచ్చగనే ఉంటది గనుక గరిక ఉరికింది. బతుకమ్మ ఆడేనాటికి గ్రౌండు అంత అల్లుకున్నది. అమ్మలక్కలు అదే గ్రౌండుల బతుకమ్మ ఆడి, గడ్డి మీద కాళ్లు చాపుకొని కూసున్నరు. నేను గెలిచినం అనుకున్న. సారు అనుకోలేదు. "పైన అల్లింది, కింద వేరు దిగలేదు. చలి ముందున్నది" అన్నడు.

ఇక్కడ నేల వేడి గురించి సారు పద్ధతి చెప్పాలె. గాలి వేడి ఎంతనో ఫోన్ల చూస్తె చెప్తది. గడ్డికి దానితోని పని లేదు, దాని వేర్లు ఉన్నకాడి వేడితోని పని. నాలుగు వేళ్ల లోతుల. సారు రోజూ పొద్దున గుడి మైకు మొదలైనంక, ఎండ పడకముందు, గ్రౌండు నడుమల ఒకే చోట థర్మామీటరు గుచ్చేటోడు. గుచ్చేముందు వచ్చిన ఆడపిల్లలందరు అరచెయ్యి నేలకు ఆనిచ్చి ఎంతుంటదో చెప్పాలె. దగ్గరికి చెప్పినోళ్లకు బబుల్‌గం. కొన్నాళ్లకు పిల్లలు ఎంత సక్కగ చెప్పేటోళ్లంటె థర్మామీటరు సూది కదిలేటందుకు పట్టే టైముల వాళ్లు జవాబు చెప్పి మొఖం కడుక్కుంటందుకు పోయేటోళ్లు. నేను ఎక్కడో రైతుమేళల తెచ్చిన కరపత్రం చదివి, నేల పద్దెనిమిది డిగ్రీలు దాటి నిలిస్తెనే గరిక కొత్త చిగురు వేస్తదని, ఇరువై నాలుగు నుంచి ముప్పై నడుమ వేర్లు బాగ దిగుతయని సారుకు గొప్పగ చదివి వినిపిచ్చిన. సారు మొత్తం విని, "కరపత్రం మంచిగనే చదివినవ్. మన నేల దీన్ని చదివిందో లేదో గుచ్చి చూద్దాం" అన్నడు. తర్వాత చలి ముదిరినంక, కరపత్రంల ఉన్నట్టే జరిగితే, ఆయననే నా చెయ్యి గుంజి "అగో, చదివిందే!" అన్నడు. ఓడిపోయినంక గంత సంబురపడే మనిషిని నేను మళ్ల చూడలేదు.

చలి మా దిక్కు గట్టిగనే ఉంటది. డిసెంబరు పొద్దుగాల ములికి గుచ్చితె సూది పదిహేను పదహారు కాడనే ఉండేది. గరిక ముందు వాడిన రంగు, తర్వాత పసుపు, తర్వాత ఎండిన వరిగడ్డి రంగు అయ్యింది. తొవ్వల పోయేటోళ్లు గోడ మీదికెళ్లి తొంగి చూసేటోళ్లు. "సారూ, బర్లను తోలాల్నా?" అని ఒకడు. "అగ్గిపుల్ల ఉన్నదా?" అని ఇంకొకడు. ప్రతి మాటకు నేను గోడ కాడికి ఉరికి జవాబు ఇచ్చేదాన్ని. సారు తలెత్తకపోతుండె.

నాకు ఓపిక ఉండదు గద. "యూరియా కొడదాం సార్, నీళ్లు ఇడుద్దాం, నాలుగు రోజులల్ల లేస్తది" అన్న.

"అది సావలేదు, పండుకున్నది" అన్నడు సారు. ఒక కాడ పీకి గోరుతోని గీరిండు. లోపల తెల్లగ, తడిగ ఉన్నది. "నిద్రపోయేటోని నోట్లె అన్నం ముద్ద పెడితే ఏమైతది?"

"ఏమైతది?"

"పొలమారుతది. చల్లటి నేలల వేరు ఏం తినది. నువ్వేసిన యూరియా పిచ్చిమొక్కలు తింటయి, బూజు తింటది. నీళ్లు ఎక్కువ ఇడిస్తె నేల ఇంక చల్లబడుతది, నిద్ర ఇంక పెరుగుతది. వేరు ఎండకుండ అప్పుడప్పుడు జరంత తడి. ఇగ మన పని ఏం చెయ్యకుండ ఉండుడు."

ఏం చెయ్యకుండ ఉండుడు. నా జన్మల నాకు ఎవ్వరు అంత కష్టమైన పని చెప్పలేదు.

గీ నడుమల జనవరి ఇరువై ఆరు వచ్చింది. పెద్ద నాయకుడు జెండా ఎగిరేస్తందుకు వస్తున్నడని, టర్ఫ్ అన్న గుడ వస్తున్నడని తెలిసింది. ఎండిన గడ్డి చూస్తె ఉగాది దాక గుడ ఆగరు, ఆడనే ప్లాస్టిక్ అని మైకుల చెప్తరు అని మాకు భయం. సారు బామ్మర్దికి సిరిసిల్లల నూలుకు రంగులద్దే పని. సారు అంటె ఆయనకు ప్రాణం. బావకు నలుగుర్ల నామోషీ అయితదని ఆయన ఎవ్వరికి చెప్పకుండ, తెల్లారకముందే డ్రమ్ముల ఆకుపచ్చ రంగు కలుపుకొని, పురుగులమందు కొట్టే పంపు ఒకటి తెచ్చి, గ్రౌండు మొత్తం కొట్టేసిండు. గడ్డికి రంగు! సిరిసిల్లోళ్లకు తప్ప భూప్రపంచంల ఎవ్వరికి తట్టని ఉపాయం. నూలు దారం పట్టుకున్నట్టే ఎండిన గరిక గుడ రంగు మంచిగ పట్టుకున్నది.

నేను గేట్ల అడుగు పెట్టి నోరు తెరిచిన. నిజం చెప్తున్న, మస్తు అందంగ ఉన్నది. సారు నా ఎనకనే వచ్చిండు. దూరంకెళ్లి చూసి ఆయన నడక నిదానమైంది. కూసోని, ఒక కాడ తుంచి, వేళ్లకు రాసుకున్నడు. వేళ్లు పచ్చగయినయి. బామ్మర్ది మోచేతుల దాక పచ్చగయి ఎదురుంగ నిలబడ్డడు.

"నీ ఇజ్జత్ కోసం చేసిన బావా."

"నా ఇజ్జత్ ఎటు పోలేదురా. గడ్డి ఇజ్జత్ తీసినవ్."

అప్పటికే కార్లు వచ్చినయి. జెండా లేచింది, పిల్లలు మార్చ్‌పాస్ట్ చేసిండ్రు. తెల్ల కాన్వాసు బూట్లు ఆకుపచ్చ అయినయి. నాయకుని తెల్ల పైజామ అంచు గుడ ఆకుపచ్చ అయ్యింది, ఆయన ఇంకా చూసుకోలేదు. మైకు ముందట నిలబడి, ఎవ్వలు చెప్పిండ్రో, ఇంత మంచి పచ్చని గ్రౌండు జిల్లాల ఎక్కడ లేదన్నడు. జనం చప్పట్లు. టర్ఫ్ అన్న గుడ ఆశ్చర్యంగ చూస్తున్నడు. నేను మనసుల అనుకున్న, ఊకుంటె అయిపోతది, గెలుస్తం, ఎవ్వడు అడగడు.

సారు మెల్లగ లేచి మైకు కాడికి పోయిండు.

"అయ్యా, మీరు తప్పు అనుకోవద్దు. గీ పచ్చదనం గడ్డిది కాదు. సిరిసిల్లల నూలుకు వేసే రంగు. మావోడు ప్రేమతోని వేసిండు. గడ్డి పండుకున్నది. నేల చల్లగుంటె గరిక పండుకుంటది, అది దాని ధర్మం. ఉగాదికి రాండ్రి, లేస్తది. లేవకుంటె టర్ఫ్ అన్న ప్లాస్టిక్ పరుస్తడు. మీ పైజామ జర చూసుకోండ్రి."

జనం గొల్లున నవ్విండ్రు. నాయకుడు కిందికి చూసుకొని, కోపం రావాల్నో నవ్వాల్నో తెల్వక, నవ్విండు. బామ్మర్ది చేతులు ఎనకకు దాచుకొని కూసున్నడు. సభ అయినంక టర్ఫ్ అన్న సారు దగ్గరికి వచ్చి, "ఎవ్వలకు తెల్వకపోతుండె సార్. నేనే నమ్మిన. ఎందుకు చెప్పిండ్రు?" అని అడిగిండు.

"రేపు మంచు పడుతది, ఎల్లుండి రంగు పోతది. గప్పుడు పిల్లలు నన్ను అడిగితె ఏం చెప్పాలెరా? రోజూ చెయ్యి ఆనిచ్చి వేడి చెప్పే పిల్లలు వాళ్లు."

ఆ మధ్యాహ్నం సారు ఇంట్ల బావ, బామ్మర్ది ఒకే పీట మీద కూసోని అన్నం తిన్నరు. బామ్మర్ది చేతి రంగు పోలేదు. సారు ఆయన పచ్చటి చెయ్యి చూసి చూసి నవ్వుతుంటె ముద్ద దిగలేదు. "పొలమారుతది, జర ఆగు" అని సారు భార్య మందలించింది.

శివరాత్రి నాడు సారును నేను ఆఖరిసారి చూసిన. "శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతదంటరు గద సార్, ఇంకేం, రేపటికెళ్లి లేస్తది గద" అని అడిగిన. ఆయన గ్రౌండు నడుమల కూసొని ఉన్నడు. "గా మాట గాలికి. గాలిలకెళ్లి పోయిన చలి భూమిల జరన్ని రోజులు దాసుకుంటది. భూమికి ఏదైన ఆలస్యంగనే తెలుస్తది బిడ్డా. వేడి గుడ, చలి గుడ" అన్నడు. తర్వాత సక్కగ నా మొఖం చూసి, "నేను లేని రోజు యూరియా సంచి పట్టుకొని రాకు" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. ఊరికి పోతున్నడేమో అనుకున్న.

సావుకు చానమంది వచ్చిండ్రు. డైవు కొట్టుడు బంద్ చేసి, పెండ్లిళ్లు చేసుకొని, పిల్లలను సంకనేసుకున్న ఆడపిల్లలు వచ్చిండ్రు. టర్ఫ్ అన్న పాడె మోసిండు. దినాలు కాకముందే జగిత్యాల నుంచి ఇద్దరు పనోళ్లు టేపు పట్టుకొని గ్రౌండు కొలుస్తందుకు వచ్చిండ్రు. నేను వాళ్ల టేపు గుంజుకొని గోడ అవుతల పారేసిన. వాళ్ల తప్పేం లేదు, టర్ఫ్ అన్న ముందుగల్ల చెప్పి పెట్టిన పనట. పెద్ద మేడం వచ్చి, టేపు తెప్పిచ్చి వాళ్ల చేతికి ఇచ్చి, "ఉగాది దాక సారుకు మాటిచ్చినం. గడువు సారుతోని పోలేదు" అన్నది.

ఇగ మేము ఏం చెయ్యకుండ ఉన్నం. పిల్లలు పొద్దున వచ్చి చెయ్యి ఆనిచ్చి చెప్తున్నరు, నేను ములికి గుచ్చుతున్న. ఇంటి కాడ యూరియా సంచి ఉన్నది, నేను దాని దిక్కు చూడలేదు. సిరిసిల్ల నుంచి సారు బామ్మర్ది ఫోన్ చేసి, "నేను ఏం తేవాలె?" అని అడిగితే "ఏం తేకు మామా, ఉత్త చేతులతోని రా" అన్న. సూది పద్దెనిమిది దాటి మళ్ల కిందికి రాని రోజులు మొదలైనయి. మొదలు ఏం కనవడలేదు. తర్వాత ఒక పొద్దున నడుమల, ఎండిన గడ్డి నడుమకెళ్లి, సూది మొనలంత పచ్చటియి. నేను కూసొని ఏడ్చిన.

ఉగాది నాడు పచ్చడి తిన్నంక కమిటీవాళ్లందరు వచ్చిండ్రు. సారు భార్య వచ్చి గేటు కాడ నిలబడ్డది. గ్రౌండు పచ్చగ ఉన్నది. కాని మొత్తం కాదు. బడి బిల్డింగు గ్రౌండుకు దక్షిణం దిక్కు ఉంటది. దాని పొంటి, గోడకెళ్లి మొదలువెట్టి గ్రౌండుల కొంత దూరం దాక, ఎండిన గడ్డి ఎండినట్టే ఉన్నది.

టర్ఫ్ అన్న అటు చూపించి, "గదేంది? గోడ పొంటి అంత సచ్చింది గద. పచ్చగుంటె అంటె మొత్తం పచ్చగుంటె అని గద మాట" అన్నడు. ఆయన గొంతుల కొట్లాట లేదు. అయినా నా తలకాయల నిప్పు లేచింది. పెద్ద మేడం నా మణికట్టు పట్టుకున్నది. ఆ చెయ్యి విడిపిచ్చుకోకుండనే చెప్పిన.

"చలికాలం సూర్యుడు అటు దిక్కు వంగి పోతడు అన్నా. బడి నీడ పొద్దంత గక్కడనే పడ్డది. గక్కడి నేల అన్నిటికంటె ఎక్కువ చల్లబడ్డది. అది సావలేదు. దానికి ఇంకా తెల్లారలేదు."

టర్ఫ్ అన్న నమ్మలేదు. అప్పుడు బామ్మర్ది పోయి, పచ్చటి జాగల ఒక చెయ్యి, ఎండిన జాగల ఒక చెయ్యి ఆనిచ్చి కూసున్నడు. టర్ఫ్ అన్న గుడ పోయి ఆయన పక్కన కూసొని అట్లనే రెండు చేతులు పెట్టిండు. చానసేపు ఉంచిండు. ఒక కాడ పీకి, గోరుతోని గీరి చూసిండు.

"ఇది ఎన్నడు లేస్తది?"

"నాకు తెల్వదు అన్నా. లేస్తదని మాత్రం తెలుసు."

ఆయన లేచి ప్యాంటు దులుపుకొని, పక్కకు పోయి జగిత్యాలకు ఫోన్ చేసిండు. ప్లాస్టిక్ గడ్డి రోలు కోరుట్లకు పంపకుండ్రి, ఆడనే ఉండనియ్యుండ్రి అన్నడు. తిరిగి వచ్చి, నీళ్ల పైపులు నేను వేపిస్త, మా అమ్మ పేరు బోరు కాడ రాస్తె చాలు అన్నడు. పెద్ద మేడం సరే అన్నది. సారు భార్య గేటు కాడికెళ్లి లోపలికి రాలేదు. చూసి, కొంగుతోని మొఖం తుడుసుకొని, ఇంటికి పోయింది.

ఇది రాస్తున్న రోజులల్ల గుడ నేను పొద్దున పోతున్న. సూర్యుడు ఇప్పుడు నెత్తి మీదికి వచ్చిండు, బడి నీడ గోడ దాటి గ్రౌండుల పడుతలేదు. నీడ పోయింది గాని, దాని జాగ ఇంకా అక్కడనే ఉన్నది. పచ్చటి గడ్డి నడుమ ఎండిన గడ్డితోని గీసినట్టు, రెండంతస్తుల బడి, మెట్ల గది, మీద నీళ్ల ట్యాంకు. రోజు రోజుకు అంచులు తింటున్నది పచ్చదనం. ట్యాంకు అయిపోయింది, మెట్ల గది సగం అయ్యింది. ఆడపిల్లలు ఖోఖో ఆడుకుంట ఉరికొస్తరు, డైవు కొడుతరు, లేస్తరు. ఎండిన జాగ అంచుకు రాంగనే, ఎవ్వలు చెప్పకున్నా, నిద్రపోయే మనిషి పక్కకెళ్లి పోయినట్టు, అడుగు మెత్తగ చేసి చుట్టు తిరిగి పోతరు.